మనోడు అడ్డం నిల్చుంటే బాణం ఎవరికి తగుల్తుంది

డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ కథలో పాత్రలు ఆడే ఆట) లో నాది ఎప్పుడూ విల్లు పట్టుకునే క్యారెక్టరే, కత్తి పట్టుకున్నోళ్లు ముందుకెళ్లి తన్నులు తింటుంటే వెనకాల నిలబడి హాయిగా బాణాలేసుకోవచ్చు కదా అని. చాన్నాళ్లు అలాగే నడిచింది, ఎందుకంటే మా డీఎం (ఆట నడిపించేవాడు) కవర్ రూల్, అంటే మధ్యలో అడ్డముంటే బాణం తగలడం కష్టమయ్యే రూల్, అసలు పట్టించుకునేవాడు కాదు. మొన్నెప్పుడో బుక్ తీసి ఆ పేజీ చదివాడు, అయిపోయింది నా పని.

ఒక గుహలో గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడు, దాని ఏసీ (తగలాలంటే కనీసం రావాల్సిన మొత్తం) 15. నాకు డైస్ మీద కలిపేది +7. ఇరవై ముఖాల డైస్ లో 9 పడింది, మొత్తం 16, తగిలింది కదా అని డ్యామేజ్ డైస్ కూడా చేతిలోకి తీసుకున్నా. ఆగు, మధ్యలో మీవాడున్నాడుగా అన్నాడు డీఎం. నిజమే, మా జట్టులో దొంగ క్యారెక్టర్ ఆడేవాడు సరిగ్గా గాబ్లిన్ ముందే నిలబడి పొడుస్తున్నాడు. ఈ ఆట ఫిఫ్త్ ఎడిషన్ లో మధ్యలో మనిషి ఉన్నా హాఫ్ కవరే, అంటే సగం అడ్డు, వాడు శత్రువైనా మనవాడైనా సరే. +2 కలిపితే గాబ్లిన్ ఏసీ 17, నా బాణం మిస్. అంతటితో ఆగితే బానే ఉండు, 2014 డీఎం గైడ్ లో ఇంకో ఆప్షనల్ రూల్ ఉంది, కవర్ వల్లే మిస్ అయితే, ఆ రోల్ అడ్డమున్నోడి ఏసీని దాటితే వాడికే తగుల్తుంది. మా దొంగ ఏసీ 14. వాడి మొహం చూడాలి అప్పుడు.

ఇంటికొచ్చి లెక్కేశా. గాబ్లిన్ ఖాళీగా దొరికితే నాకు 65 శాతం ఛాన్స్, హాఫ్ కవర్ ఉంటే 55, బాణాల కంతలాంటి దాని వెనక ఉంటే త్రీ క్వార్టర్స్ కవర్, అంటే +5, అప్పుడు 40కి పడిపోతుంది. పూర్తిగా గోడ వెనక్కెళ్తే టార్గెట్టే చెయ్యలేం. ఆర్చరీ స్టైల్ అనే విలువిద్య నైపుణ్యం తీసుకుంటే వచ్చే +2 ఉంది చూడండి, అది హాఫ్ కవర్ కి సరిగ్గా సరిపోతుంది, నేనేమో ఇన్నాళ్లూ దాన్ని ఊరికే వచ్చిన బోనస్ అనుకుని వాడేసుకున్నా.

పాత 3.5 ఎడిషన్ లో ఇంకా ఘోరం, మధ్యలో మనిషుంటే శత్రువు ఏసీకి +4, పైగా మనవాడితో కలబడుతున్నోడి మీద వేస్తే మన రోల్ కి ఇంకో -4, అది పోవాలంటే ప్రిసైజ్ షాట్ అని విడిగా ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకోవాలి. పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో ఆట) సెకండ్ ఎడిషన్ లో మాత్రం మధ్యలో మనిషుంటే +1 ఏ, అది నాకు న్యాయంగా అనిపిస్తుంది.

షార్ప్‌షూటర్ అనే ఫీట్ తీసుకుంటే హాఫ్, త్రీ క్వార్టర్స్ కవర్లు రెండూ పోతాయి నిజమే, కానీ నాకిప్పుడు తీసుకోబుద్ధి కావట్లేదు. ఇంతకుముందు నా టర్న్ వస్తే డైస్ వెయ్యడం, ఫోన్ చూసుకోవడం అంతే, ఇప్పుడు మ్యాప్ మీదకి వంగి మూల నుంచి మూలకి గీతలు చూసుకుంటున్నా, ఎన్ని అడుగులు పక్కకెళ్తే దారి దొరుకుతుందా అని. మా క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి క్యారెక్టర్) మాత్రం తన సేక్రెడ్ ఫ్లేమ్ మంత్రానికి హాఫ్ కవరూ త్రీ క్వార్టర్స్ కవరూ పనిచెయ్యవని తెగ ఎగతాళి చేస్తోంది.

దొంగ అయితే ప్రతి టర్న్ కీ ముందు నన్నే అడుగుతున్నాడు, "బావా, ఇక్కడ నిలబడనా, పక్కకి జరగనా?" అని.