ఇరవై ఏడు గుడ్లు

కావలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతా నేను. పెళ్ళయి ఆరేళ్ళు, పీసీఓడీ అని అండాశయాల్లో నీటిబుడగల సమస్య, మాత్రలు, వీర్యం గర్భసంచిలోకి ఎక్కించే ఐయూఐలు రెండు, అన్నీ అయినాక బయట పిండం చేసి లోపల పెట్టే ఐవీఎఫ్‌కి నెల్లూరు పోయాం. ఇంజెక్షన్లు, స్కాన్లు, అండాశయాల్లోంచి గుడ్లు తీసే ఎగ్ పికప్, అవన్నీ అందరికీ ఉండేవే. 27 గుడ్లు వచ్చినాయని అక్కడి సిస్టరు "జాక్‌పాట్ కొట్టేశావక్కా" అనింది, నేనూ సంబరంగా మా అమ్మకి ఫోన్ చేసి చెప్పినా. అన్ని రావటమే ప్రమాదమని, పీసీఓడీ ఉండేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలని ఒక్కరూ చెప్పలా.

రెండో రోజుకే పొట్ట ఉబ్బింది. మా పెద్దత్త చూసి "అప్పుడే ఐదో నెల కడుపులా ఉందే" అని నవ్వింది. ఇంకా పిండం లోపల పెట్టనే లేదు, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటానే ఉంది. టేపు పెట్టి చూసుకుంటే 31 ఉండే నడుము 36, లంగా బొందు కట్టిన చోట వేలు పట్టేంత గాడి. క్లినిక్‌కి ఫోన్ చేస్తే గ్యాసయ్యుంటది, సోడా తాగండి అన్నారు.

మూడో రాత్రి పడుకుంటే ఊపిరాడలా. మధ్యాన్నం నుంచీ ఒంటేలు నాలుగు చుక్కలు, అదీ టీ డికాషన్ రంగు. మా ఆయన ఫోన్ చేస్తానే ఉన్నాడు, ఎత్తేవాళ్ళు లేరు. రెండు గంటలప్పుడు పక్కింటన్న కారు తీసి వేరే ఆస్పత్రికి తీసకపోయినాడు, హైవే మీద దోవంతా సీటుకి ఆనుకోలేక ముందుకి వంగి జొన్నవాడ కామాక్షమ్మా అనుకుంటానే ఉన్నా.

అక్కడ డ్యూటీ డాక్టరమ్మ కాళ్ళకి మొక్కాలి. ఓహెచ్‌ఎస్‌ఎస్ అంట, గుడ్ల కోసం వేసే ఇంజెక్షన్లకి అండాశయాలు అతిగా స్పందించటం. గుడ్లు పండేదానికి పికప్‌కి ముందేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్‌తో రక్తనాళాల్లో నీరు బయటికి కారి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరతదని, రక్తం చిక్కబడి గడ్డలు కట్టొచ్చని చీటీ వెనక బొమ్మేసి చెప్పింది. అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కించి, గడ్డకట్టకుండా పొట్టకి సూదులేసి, స్కాన్‌లో చూస్తా రెండున్నర లీటర్ల పసుపు రంగు నీరు తీశారు. సీసా నిండతా ఉంటే నిండా గాలి పీల్చుకున్నా, ఏడుపొచ్చేసింది.

గర్భం వస్తే ఇది ఇంకా ముదురుతదని పిండాలు పెట్టకుండా ఫ్రీజ్ చేయించారు. ఇంటికొచ్చినాక తెలిసింది, నాలాంటోళ్ళకి హెచ్‌సీజీ బదులు గుడ్లు పండించే వేరే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఉందని, ఇది ముదరకుండా కాబర్గోలిన్ అనే మాత్రలు ముందే ఇస్తారని. ఎందుకియ్యలేదని పాత క్లినిక్‌లో అడిగితే "మీ బాడీ అట్టా రియాక్ట్ అయింది" అన్నారు. తప్పు నా బాడీదంట! పిండాలేమో వాళ్ళ దగ్గరే ఉండాయి, మళ్ళీ ఆ గడపే తొక్కాల.

పికప్ అయినోళ్ళు రోజూ పొద్దున్నే బరువు చూసుకోండమ్మా. రోజుకి కేజీ పెరిగినా, ఒంటేలు తగ్గినా, ఆయాసమొచ్చినా ఫోన్లు చేసుకుంటా కూర్చోకండి, పోండి.

కోరికని బట్టి రొట్టె పట్టుకునే నెల్లూరు దర్గా రొట్టెల పండగలో పోయినేడు సంతానం రొట్టె పట్టుకున్నా. ఈసారి ఆరోగ్యం రొట్టె అంటే, రెండూ పట్టుకుందాంలే అంటన్నాడు మా ఆయన.