ఉప్పు టీ, తొమ్మిది రోజులు

నవల మొదలుపెట్టి రెండేళ్లయింది. 40 పేజీల దగ్గర ఆగిపోయింది. ఆఫీసు, అమ్మాయి పరీక్షలు, మామగారి కంటి ఆపరేషన్ అన్నీ అయ్యాక రాత్రి పదకొండుకి ల్యాప్‌టాప్ తెరిస్తే, నిన్న ఎక్కడ ఆపానో చదువుకునేలోపే నిద్ర ముంచుకొచ్చేది. చివరికి మే నెలలో సెలవు పెట్టి, సఖినేటిపల్లి దాటాక కొబ్బరితోటలో మా పెద్దమ్మ వాళ్లు తాళం వేసి వదిలేసిన ఇంటికి ఒక్కదాన్నే బయల్దేరాను. రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కితే పొద్దున్నకి నరసాపురం. అక్కణ్నుంచి వశిష్ఠ గోదావరి మీద పంటు. బైకులు, ఆటోలు, కూరగాయల గంపల మధ్య నేనూ, నా నోటు పుస్తకాలూ.

ఆడమనిషి ఒక్కతే వచ్చి తలుపేసుకుంటే ఊరు ఊరుకుంటుందా! మొదటి రోజు సాయంత్రమే పక్కింటి పిన్నిగారు గిన్నెలో చేపల పులుసు తెచ్చి, అరుగు మీద కూర్చుని మెల్లగా అడిగింది.

“అల్లుడుగారితో ఏవన్నా మాటా మాటా వచ్చిందా అమ్మా?”

“అబ్బే, లేదు పిన్నిగారూ. కథ రాసుకుందామని వచ్చాను.”

“ఆయ్, రాసుకో రాసుకో” అంది గానీ నమ్మలేదు. మర్నాడు ఇంకో ఆవిణ్ని వెంటబెట్టుకొచ్చింది.

ఇన్నాళ్లూ ఏకాంతం లేకే రాయలేకపోతున్నాననుకున్నాను. తీరా దొరికాక రెండు రోజులు నిద్రపోయాను. మూడో రోజు బూజులు దులిపాను. తోటలో దింపు జరుగుతుంటే కాయలు ధన్ ధన్‌మని పడుతున్న చప్పుడు లెక్కపెట్టాను. సిగ్గేసింది. నాలుగో రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను: లేవగానే ఫోన్ ఖాళీ బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టడం, పది చేతిపేజీలు నిండేదాకా దాన్ని తీయకపోవడం, నిన్నటి పేజీలు చదవకపోవడం. మూడోది అన్నిటికన్నా కష్టం. చదివితే దిద్దబుద్ధవుతుంది, దిద్దడం మొదలైతే ఆ పూట పోయినట్టే.

పద్ధతి కుదిరింది గానీ కథ కుదరలేదు. నా నవలలో గోదావరి ఒకరోజు వెనక్కి పారుతుంది. ఇన్నేళ్లలో కోసుకుపోయిన లంక భూముల్ని, ఇళ్లతో మనుషులతో సహా తిరిగి తెచ్చిపెడుతుంది. ఇలాంటి కథలు రాస్తానంటే మావాళ్లలో కొందరు “అదంతా ఫారిన్ సరుకు” అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ తర్వాత లోకంలో నిజంగా జరిగిపోయినట్టు రాశాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో పెట్టింది ఎవరు? మనమే కదా.

సరే, అసలు సంగతికొస్తాను. ఐదో రోజు సాయంత్రం రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి నా కథ చెప్పాను. బ్రహ్మాండంగా ఉందంటాడనుకున్నాను. ఆయన వల మీంచి తల కూడా ఎత్తలేదు.

“గోదారి ఎనక్కి పారడంలో ఇంతేముందమ్మా? రోజుకి రెండుసార్లు పారతానే ఉంది కదా. పోటొచ్చినపుడు పైకి, పోటు తీసినపుడు కిందకి.”

చూస్తే నిజమే. నీటి మీద కొబ్బరి డొక్క ఒకటి నరసాపురం వైపు ఎదురెక్కిపోతోంది. రెండేళ్లుగా నేను మోస్తున్న అద్భుతం ఇక్కడ గడియారం లాంటిది!

“పోనీ, వచ్చేటపుడు ఏం తెస్తుంది?” అన్నాను, కాస్త ఉక్రోషంగానే.

“ఏం తెత్తాది, ఉప్పు తెత్తాది.”

మేలో కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నదిలోకి వదిలే నీళ్లూ నామమాత్రమే. సముద్రాన్ని వెనక్కి నెట్టే మంచినీటి బలం లేక ఉప్పునీరు నదిలో ఇంకా పైకి ఎక్కుతుంది. వచ్చిన రోజు బోరు నీళ్లతో పెట్టుకున్న టీ నోట్లో పెట్టుకోలేక పారబోసి, అప్పట్నుంచి టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నాను. కథకి కావలసిందంతా ఆ గ్లాసులోనే ఉంటే, చిరాకుపడి పారబోశాను.

ఎంత మాయ రాసినా దానికొక ధర ఉండాలి, ఆ ధర ఎవరో ఒకరు కట్టాలి. అది లేకే నా నవల 40 పేజీల దగ్గర కూలబడింది. ఆ రాత్రి దీపం పెట్టుకుని రాశాను (కరెంటు పోయింది, గొప్పకి కాదు). నది ఒక్కో ఇంటిని తిరిగి తెచ్చినప్పుడల్లా ఒడ్డున ఉన్నవాళ్ల నుయ్యి ఒకటి ఉప్పగా మారిపోతుంది. పోయినవాళ్లు కావాలా, తాగే నీళ్లు కావాలా? అక్కణ్నుంచి ఊళ్లో గొడవ దానంతట అదే మొదలైంది. తొమ్మిదో రోజుకి 64 పేజీలు.

వెళ్లే ముందు రోజు పిన్నిగారు మళ్లీ వచ్చింది. ఏం రాశావో చెప్పమంటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“మా పుట్టిల్లు లంకలోనేనమ్మా. 86 వరదలో గట్టుతో పాటే జారిపోయింది. నీ కథలో అదీ వస్తదా?”

“పెరట్లో ఏముండేది పిన్నిగారూ?”

“పనసచెట్టు. దాని కింద రోలు. మా అమ్మ దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు.”

మర్నాడు పంటు కోసం రేవులో ఎదురుచూస్తూ, వెనక్కి చూడకూడదన్న నియమం తప్పి, నది మొదటి ఇంటిని తెచ్చే పేజీ తీశాను. పెరట్లో రోలు పెట్టాను. దాని గుంటలో గుప్పెడు ఉప్పు.