కొత్త స్విచ్ పెడుతున్నారా? ముందు దాని రివిజన్ నంబర్ చూడండి

కొత్త నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను, ఫోన్లను కేబుళ్లతో కలిపే పెట్టె) అంటే అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినదని అనుకుంటాం. నేను పెట్టింది అలాంటిది కాదు, టెస్ట్ ర్యాక్‌లో ఏడాది పాటు నా చేతిలో నానా పాట్లూ పడ్డ పాత స్విచ్. ఒక ఫ్లోర్‌లో పోర్టులు చాలడం లేదంటే, అసలుది వచ్చేదాకా దీంతో నెట్టుకొద్దాం అనుకుని రైట్ ఎరేజ్ (కాన్ఫిగ్‌ని, అంటే సెట్టింగ్‌లను తుడిచే కమాండ్) కొట్టి, రీలోడ్ చేసి, అంతా తుడిచేశానన్న ధీమాతో తీసుకెళ్లి, ఫ్లోర్ స్విచ్‌లన్నీ కలిసే డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌కి కేబుల్ పెట్టాను. కాసేపటికే దూరం నుంచి లాగిన్ అయి ఉన్న నా ఎస్ఎస్‌హెచ్ సెషన్ బిగుసుకుపోయింది. ఐపీ ఫోన్లు కూడా పోయాయి కాబట్టి ఎవరూ నాకు ఫోన్ చేయలేకపోయారు, అందరూ నడుచుకుంటూ వచ్చారు.

కేబుల్ వెంటనే పీకేశాను. ఏం లాభం, జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది.

సిస్కో స్విచ్‌ల్లో వీటీపీ అని ఒక ప్రోటోకాల్ ఉంది. ఒక స్విచ్‌లో వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌ని విడదీసి, నంబర్ ఇచ్చిన భాగం) చేరిస్తే, అదే డొమైన్‌లోని (ఒకే వీటీపీ పేరు పెట్టుకున్న గుంపులోని) మిగతావి ట్రంక్ (చాలా వీలాన్‌లను మోసే లింకు) మీదుగా ఆ సంగతి తెలుసుకుని తమ జాబితా మార్చుకుంటాయి. ఎవరి జాబితా తాజాది అని తేల్చుకోవడానికి వాటికున్న గుర్తు ఒక్కటే, కాన్ఫిగరేషన్ రివిజన్ నంబర్. వీలాన్ చేర్చినా, తీసేసినా, పేరు మార్చినా అది ఒకటి పెరుగుతుంది. ఎవరి నంబర్ పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతుంది. మా నెట్‌వర్క్‌లో అది 41. నా టెస్ట్ స్విచ్‌లో 97, ఎందుకంటే ఏడాదంతా దానిలో వీలాన్‌లు పెట్టి తీసేయడమే నా పని. పైగా డొమైన్ పేరు కూడా అదే, అసలు నెట్‌వర్క్ నుంచి కాన్ఫిగ్ కాపీ కొట్టిన పుణ్యం. అంతే, దాని జాబితాయే అన్ని స్విచ్‌లకీ ఎక్కి, మా అసలు వీలాన్‌లు పోయాయి.

మరి అంతా తుడిచేశాను కదా? తుడవలేదు. రైట్ ఎరేజ్ పోగొట్టేది స్టార్టప్ కాన్ఫిగ్‌ని మాత్రమే. వీలాన్‌లు, డొమైన్ పేరు, రివిజన్ నంబర్ ఫ్లాష్‌లో వీలాన్.డ్యాట్ అనే వేరే ఫైల్లో ఉంటాయి, దాన్ని విడిగా డిలీట్ చేసి రీలోడ్ చేయాలి. ఇంకో విషయం, నేను ట్రంక్ కాన్ఫిగర్ చేయనే లేదు. నా పోర్టు డైనమిక్ ఆటోలో (అవతలివాళ్లు అడిగితే ట్రంక్ అయ్యే మోడ్) ఉంది, అవతలి పోర్టు ట్రంక్‌లో ఉంది, డీటీపీ (ట్రంక్ గురించి పోర్టులు మాట్లాడుకునే ప్రోటోకాల్) వాటికి మాటలు కలిపి ట్రంక్ లేపేసింది. వద్దనుకుంటే అవతలి పోర్టులో నోనెగోషియేట్ (ఆ మాటలు ఆపేసే కమాండ్) పెట్టి ఉండాల్సింది.

క్లయింట్ మోడ్‌లో (వీలాన్‌లు తాను మార్చకుండా, సర్వర్ మోడ్‌లో ఉన్న స్విచ్ నుంచి జాబితా తీసుకునే మోడ్) ఉంటే ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు (నేనూ అనుకున్నాను). అది తప్పు. వీటీపీ వెర్షన్ 1, 2ల్లో క్లయింట్ అయినా సరే, నంబర్ పెద్దదైతే సర్వర్ జాబితాను కూడా తుడిచేయగలదు. వెర్షన్ 3లో ప్రైమరీ సర్వర్ అని ఒకదాన్ని నిలబెడతాం, దాని మాట తప్ప ఇంకెవరి మాటా చెల్లదు. వీలాన్‌లు ఎప్పుడో గానీ మారని చోటయితే నా ఓటు ట్రాన్స్‌పరెంట్ మోడ్‌కే (ఇతరుల జాబితా పట్టించుకోకుండా తన జాబితాతోనే ఉండే మోడ్). నాలుగు స్విచ్‌ల్లో చేత్తో వీలాన్ చేర్చడానికి ఎంతసేపు పడుతుంది?

అదృష్టం ఏమిటంటే, వీలాన్ పోయినా పోర్టుల మీది కాన్ఫిగ్ పోదు, ఫలానా పోర్టు ఫలానా వీలాన్‌ది అనే లైను అలాగే ఉంటుంది, పోర్టు మాత్రం ఇనాక్టివ్ అవుతుంది. స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకెళ్లి సర్వర్ స్విచ్‌లో అవే నంబర్లతో వీలాన్‌లు మళ్లీ చేర్చగానే అన్నీ వాటంతటవే లేచాయి. ఆ నంబర్లు గుర్తుచేసుకోవడానికే నాకు గంట పట్టింది. షో వీలాన్ బ్రీఫ్ (వీలాన్‌ల జాబితా చూపే కమాండ్) అవుట్‌పుట్ ఎక్కడో ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకుని ఉంటే పది నిమిషాల పని.

ఇప్పుడు ఏ స్విచ్ పెట్టినా, కేబుల్ ముట్టుకోకముందే షో వీటీపీ స్టేటస్ చూస్తాను. రివిజన్ సున్నా కాకపోతే మోడ్‌ని ట్రాన్స్‌పరెంట్‌కి మార్చి మళ్లీ వెనక్కి తెస్తాను, లేదా డొమైన్ పేరు ఏదో పిచ్చిపేరు పెట్టి మళ్లీ మారుస్తాను, రెండింటిలో ఏది చేసినా సున్నా అవుతుంది.

తర్వాత చూసేది స్పానింగ్ ట్రీ, అంటే స్విచ్‌ల మధ్య ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా చూసే ప్రోటోకాల్. ఎవరూ ఏమీ మార్చకపోతే అన్ని స్విచ్‌ల ప్రయారిటీ 32768, అప్పుడు ఎవరి మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబర్) చిన్నదైతే వాళ్లే రూట్ బ్రిడ్జ్, అంటే ఆ చెట్టుకి వేరు. పాత స్విచ్‌ల మ్యాక్ తరచుగా చిన్నదే ఉంటుంది. అంటే మూలన పెట్టిన ముసలి స్విచ్ వచ్చి రాజ్యం ఏలుతుంది, ట్రాఫిక్ అంతా దాని చుట్టూ తిరుగుతుంది, నెట్ స్లోగా ఉందని జనం అంటారు, కారణం ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. నెట్‌వర్క్ మధ్యలో ఉండే కోర్ స్విచ్‌కి ప్రయారిటీ 4096 ఇచ్చి (చిన్న నంబరే గెలుస్తుంది), కింది స్విచ్‌ల వైపు పోర్టుల్లో రూట్ గార్డ్ (అటువైపు స్విచ్‌ని రూట్ కానివ్వని సెట్టింగ్) పెట్టేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ట్రంక్‌లో కొత్త వీలాన్‌ని అనుమతించేటప్పుడు కమాండ్‌లో ఆడ్ (add) అన్న మాట మరిచిపోకండి. అది లేకుండా 30 అని కొడితే, 30 ఒక్కటే మిగిలి మిగతావన్నీ ఆ ట్రంక్ నుంచి పోతాయి. దూరం నుంచి చేస్తుంటే ముందు రీలోడ్ ఇన్ 10 (పది నిమిషాల తర్వాత రీబూట్ అవమనే కమాండ్) కొట్టుకోండి. మీరు బయటే ఇరుక్కుపోయినా, పది నిమిషాల్లో స్విచ్ తనంతట తాను పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది, కాకపోతే అప్పటిదాకా సేవ్ చేయకూడదు. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టాలి. అది మరిచిపోయి, చక్కగా పనిచేస్తున్న స్విచ్‌ని నేనే ఒకసారి పట్టపగలు రీబూట్ చేయించాను, ఆ కథ ఇంకోసారి.