బాగుందని చెప్పకండి

నా బొమ్మ చూసి ఎవరైనా "ఈ వయసులో ఎంత బాగా వేశారండీ!" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటలో బొమ్మ గురించి ఒక్క ముక్క ఉండదు, ఉన్నదంతా నా వయసు గురించే. గోడ మీద పిచ్చిగీతలు గీసిన పసిపిల్లను మెచ్చుకున్నట్టే డెబ్బై దాటిన నన్నూ మెచ్చుకుంటున్నామని వాళ్లకు తోచదు. ప్రేమతోనే అంటారు, కాదనను.

ఉద్యోగమంతా జమాఖర్చుల లెక్కలు రాసి, విరమణ తర్వాత నీటిరంగుల తరగతిలో చేరాను. మా మాస్టారు నా కొడుకు కంటే చిన్నవాడు. "అమ్మా, ఈ గ్లాసు అంచు తప్పు, మళ్లీ వేయండి" అంటాడు. నాకు కావలసింది సరిగ్గా అదే.

గ్లాసు అంచు సంగతి కాస్త చెప్పాలి. బల్ల మీది గ్లాసును గీయమంటే కొత్తవాళ్లు సాధారణంగా పైన నిండు సున్నా చుట్టి, అడుగున తిన్నగా గీత గీస్తారు. అంచు గుండ్రమని మనసుకు తెలుసు, అడుగు బల్లకు ఆనుకుని ఉందనీ తెలుసు. చేయి తెలిసినదాన్నే గీస్తుంది, కనిపిస్తున్నదాన్ని కాదు. కంటికి కనిపించేది మాత్రం పైనుంచి నొక్కిన సున్నా. కంటిని ఇంకాస్త పైకి తీసుకెళ్లి చూస్తే అది విచ్చుకుని గుండ్రమవుతుంది. కంటిని అంచు మట్టానికి దించితే ఒక్క గీతగా మిగులుతుంది. అడుగు అంచు కంటికి ఇంకా కిందికి ఉంటుంది కనుక పైదానికంటే ఎక్కువ గుండ్రంగా కనిపించాలి. జీవితమంతా గ్లాసులు కడిగిన దాన్ని, ఒక్కసారైనా ఇది గమనించలేదు! ఆ వంపు మణికట్టు తిప్పితే రాదు, భుజం నుంచి చేయంతా కదలాలి. ఇక తడి కాగితం మీద రంగు వేయడమంటే ఆలోచించడానికి కూడా వ్యవధి ఉండదు. కాగితం మీది మెరుపు పోకముందే కుంచె దించి తీసేయాలి, లేకపోతే మరకలు కడతాయి. అంతసేపూ మోకాలి నొప్పి ఉంటుంది, దాని మీద ధ్యాస ఉండదు. నా మటుకు అదే గొప్ప లాభం.

నా మోకాలిని నమ్మనివాళ్ల కోసం ఒక సంగతి. జీన్ కోహెన్ అనే మనోవైద్యుడు 2001లో అమెరికాలో వృద్ధుల మీద ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. వాషింగ్టన్‌లో పరిశీలించిన 166 మంది సగటు వయసు 80కి అటూ ఇటూ. వాళ్లలో ఒక వర్గం బృందగానంలో చేరింది, మిగిలినవాళ్లు మామూలుగా తమ పనులు తాము చేసుకున్నారు. ఏడాది గడిచాక పాడినవాళ్లలో డాక్టరు దగ్గరికి వెళ్లడం, మందుల వాడకం, కింద పడటం, మూడూ రెండో వర్గంలో కంటే తక్కువగా కనిపించాయి. ఇష్టమున్నవాళ్లే పాటలో చేరారు కాబట్టి, ఇదంతా పాట మహిమేనని తేల్చి చెప్పలేం. కాని నన్ను ఆకట్టుకున్నది వేరు. ఆ బృందాన్ని నడిపింది వృత్తి సంగీతకారులు. వారం వారం సాధన, ఆపైన జనం ముందు కచేరీ. ఊరికే కాలక్షేపానికి చప్పట్లు కొట్టించడం కాదు.

జర్మనీలో 2014లో వెలువడిన మరో అధ్యయనం చిన్నదే, 28 మంది విశ్రాంత ఉద్యోగులతో చేశారు. సగం మంది పది వారాలు బొమ్మలు వేశారు, సగం మంది మ్యూజియంలో బొమ్మలు చూసి చర్చించారు. మెదడు స్కానింగుల్లో, వేర్వేరు భాగాల మధ్య అనుసంధానం మెరుగైనట్టు తేలింది చేత్తో వేసినవాళ్లలోనే. పద్నాలుగేసి మందితో ప్రపంచాన్ని ఒప్పించలేం కాని, సోఫాలో కూర్చుని కళను ఆస్వాదిస్తానని వాదించే మా ఆయనతో తగవుకు ఇది చాలు.

చేయి వణుకుతుందని, వేళ్లు బిగుసుకుపోయాయని వెనకాడేవాళ్లకు ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ గుర్తుకు రావాలి. 1941లో పెద్ద ఆపరేషన్ తర్వాత ఆయనకు ఎక్కువ కాలం మంచమూ చక్రాల కుర్చీయే గతి అయ్యాయి. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇస్తే, కత్తెరతో నేరుగా ఆకారాలు కత్తిరించేవారు. 1954లో 84 ఏళ్లకు పోయేదాకా ఆ పని చేస్తూనే ఉన్నారు. నేనైతే కుంచె పిడికి పాత గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేసుకున్నాను. లావైన పిడిని పట్టుకోవడానికి వేళ్లను అంతగా ముడవనక్కర్లేదు.

అమ్మకో నాన్నకో రంగులు కొనిద్దామనుకునేవాళ్లకు చివరగా ఒక మాట. పిల్లల రంగుల పెట్టె, అచ్చువేసిన బొమ్మల పుస్తకం కొనకండి. మంచి కాగితం కొనండి, చదరపు మీటరుకు 300 గ్రాములది. పల్చటి కాగితం తడవగానే ఉబ్బి ముడతలు పడుతుంది, తప్పు తమ చేతిదనుకుని వాళ్లు పక్కన పడేస్తారు. ఆ తర్వాత తప్పు చూపించగల గురువును వెతకండి. తరగతి ఏ అంతస్తులో ఉందో, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో ముందే వెళ్లి చూసి రండి.