జేబు కెమెరా మార్చాలా, వద్దా?

తిరుపతిలో గంగ జాతర ముగిసి, ఆ వారం తీసిన ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి చూసుకునేటప్పుడు నాకు ఏటా ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: ఈ కెమెరాను ఇంకా వాడాలా, మార్చాలా? నా దగ్గరున్నది సోనీ ఆర్‌ఎక్స్100. ఆ వరసలో మొట్టమొదటిది, 2012లో వచ్చింది. బ్యాటరీతో కలిపి 240 గ్రాములు తూగుతుంది, చొక్కా జేబులో పడుతుంది, అలిపిరి మెట్లెక్కేటప్పుడు దాని బరువే తెలియదు. 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో 28 నుంచి 100 మిల్లీమీటర్ల వరకు జూమ్, అందులో వెడల్పు కొసన ఎఫ్ 1.8 అపెర్చర్ (లెన్సు రంధ్రం; ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది), ఒక అంగుళం రకం సెన్సర్ (వెలుగును పట్టే పలక). వచ్చిన రోజుల్లో జేబులో పట్టే కెమెరాకు ఇంత పెద్ద సెన్సర్ ఉండటం విశేషమే. ఆ తర్వాత అదే జేబులో పట్టే రికో జీఆర్ 3 అంతకు మూడింతల సెన్సర్‌తో వచ్చింది. అదే సోనీ వరసలో ఏడో కెమెరా 200 మిల్లీమీటర్ల దాకా జూమ్ చేస్తుంది. రెండూ 2019లో వచ్చినవే. ఈ రెండింట్లో ఏదో ఒకటి కొనాలన్న కోరిక నాకు బలంగానే ఉంది గనుక, ఆ కోరికను పక్కన పెట్టి లెక్క చూడటం అవసరమనిపించింది.

కెమెరాల గుణగణాల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లెక్క తేలదు. ఆ పట్టికల్లో కొత్తదే ఎప్పుడూ గెలుస్తుంది. అందుకే నేను బాగా రాని ఫొటోలనే ముందేసుకుని, ప్రతిదీ ఎందుకు చెడిందో చూశాను. మనిషి కదలడం వల్ల చెదిరిందా, ఫోకస్ వేరే చోట పడిందా, రంగు పేలిపోయిందా, అసలు ఎండలో తెర కనిపించక నేను చట్రాన్నే సరిగ్గా కట్టలేదా అన్నది విడదీసి చూస్తే తప్ప, కొత్త కెమెరా దేన్ని తీరుస్తుందో, దేన్ని తీర్చదో తెలియదు.

ముందు రంగు సంగతి. గంగ జాతర చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కుకున్న భక్తులు రోజుకొక వేషం వేస్తారు. బైరాగి వేషంలో ఒళ్లంతా నామకొమ్ము తెలుపు, బండ వేషంలో ఒళ్లంతా కుంకుమ, తోటి వేషంలో బొగ్గు నలుపు. వరసగా మూడు రోజుల్లో తెలుపు, ఎరుపు, నలుపు ఎదురవుతాయి. వెలుగును కొలిచే కెమెరా మీటరును పరీక్షించడానికి ఇంతకన్నా కఠినమైన ఏర్పాటు ఎవరూ చేయలేరని నా అభిప్రాయం. మీటరు తన ముందున్న ప్రతి దృశ్యమూ సగటున మధ్యస్థమైన బూడిద వెలుగే అనుకుంటుంది. తెల్లటి బైరాగులు గుంపుగా వస్తే వెలుగు ఎక్కువైందనుకుని ఫొటోను చీకటి చేస్తుంది, నామకొమ్ము మాసిన పంచెలా కనిపిస్తుంది. తోటి వేషం దగ్గరకొచ్చేసరికి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. వెలుగు చాలలేదనుకుని అది ఫొటోను తేల్చేయడం వల్ల బొగ్గు కాస్తా బూడిదవుతుంది. తెలుపుకు ఎక్స్‌పోజర్‌ను ముప్పావు స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు పెంచాలి, నలుపుకు దాదాపు అంతే తగ్గించాలి (ఒక స్టాప్ అంటే వెలుగును రెట్టింపు చేయడం లేదా సగం చేయడం). ఈ సర్దుబాటు చేయవలసింది నా బొటనవేలు. లక్ష రూపాయల కెమెరాలోనైనా ఈ పని మిగిలే ఉంటుంది.

బండ వేషం మరీ చిక్కు. ఎర్రటి కుంకుమ మీద మే నెల ఎండ పడినప్పుడు సెన్సర్‌లో ఎరుపు భాగం ముందుగా నిండిపోతుంది, ఆకుపచ్చ, నీలం భాగాలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. ఫొటో తీసేటప్పుడు తెర మీద కనిపించే వెలుగు పటం మొత్తం వెలుగును చూపిస్తుంది, అందులో ఆకుపచ్చ రంగుదే పెద్ద వాటా. కాబట్టి ఎరుపు పొంగిపోయినా ఆ పటంలో ఏ ప్రమాదమూ కనిపించదు. ఒక కుర్రవాడి ఫొటో నా దగ్గరుంది. చేతిలో వేపమండ, ముఖమంతా కుంకుమ, కణతల నుంచి చెంపల మీదికి చెమట కారి కుంకుమలో సన్నని చాళ్లు పడ్డాయి. కెమెరా తానుగా తయారుచేసిన జేపెగ్‌లో ఆ చాళ్లు లేవు, చెంప అంతా ఒకే ఎర్రటి అట్ట. అదే క్షణంలో నమోదైన రా ఫైలును (సెన్సర్ పట్టినదాన్ని దిద్దకుండా దాచే ఫైలు) తెరిచి ఎరుపును కిందికి దించితే చాళ్లు, చాళ్ల అంచున గడ్డకట్టిన కుంకుమ పలుకులు, కనురెప్పల మీద అంటిన పొడి కూడా బయటపడ్డాయి. అంటే సమాచారం నా పాత కెమెరాలోనే ఉంది. రా ఫైలు భద్రపరచుకోవడం, బండ వేషం రోజున ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించి పెట్టుకోవడం అన్నవి రెండూ ఖర్చులేని పనులు. రంగు చెడిన ఫొటోలన్నీ ఈ విధంగా కొనుగోలు లెక్కలోంచి తొలగిపోయాయి.

ఇక వెలుగు చాలని ఫొటోలు. పెద్ద సెన్సర్ కావాలన్న కోరికకు అసలు ఆధారం ఇవే. జీఆర్ 3 సెన్సర్ ఏపీఎస్-సీ కొలత, 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 వెడల్పు. నా దానిలోది 13.2 పొడవు, 8.8 వెడల్పు. వైశాల్యంలో మూడింతలకు కొంచెం పైనే. అయితే జీఆర్ 3కు ఉన్నది 28 మిల్లీమీటర్ల స్థిరమైన లెన్సు, దాని అపెర్చర్ ఎఫ్ 2.8. నా కెమెరా అదే 28 దగ్గర ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. అపెర్చర్ సంఖ్యల నిష్పత్తిని వర్గం చేస్తే, సెన్సర్ మీద ఒకే కొలత గల చోటులో నా కెమెరాకు పడే వెలుగు 2.4 రెట్లు ఎక్కువ. మూడింతల వైశాల్యం ఇచ్చిన లాభాన్ని ఈ 2.4తో భాగిస్తే చివరికి మిగిలేది 1.3 రెట్లు, అంటే సగం స్టాప్ కూడా లేదు. ఇన్నేళ్లలో సెన్సర్ల తయారీలో వచ్చిన మెరుగుదల దీనికి కొంత కలుస్తుంది, ఆ మాట నిజమే. జీఆర్ 3లో సెన్సర్‌నే కదిలించి చేతి వణుకును అణచే ఏర్పాటు కూడా ఉంది, కానీ అది నా చేతి వణుకుకే పనికొస్తుంది, డప్పుకు ఎగిరే మనిషి కదలికను ఆపలేదు. ఆ కదలికను ఆపాలంటే షటర్ వేగం కనీసం సెకనులో 125వ వంతు ఉండాలి. సగం స్టాప్‌తో అందులో పెద్ద మార్పు రాదు.

మూడింతల సెన్సర్ అంటే ఫొటో మూడింతలు బాగుంటుందని నమ్మి కొనేవారు ఒక్కసారి ఈ భాగహారం చేసుకోవాలని నా మనవి.

సోనీ ఏడో కెమెరా విషయంలో వెడల్పు కొసన లెక్క ఇంకా తారుమారవుతుంది. దాని సెన్సర్ కొలత నా దానిదే, లెన్సు 24 దగ్గరే ఎఫ్ 2.8తో మొదలవుతుంది. రాత్రి వీధిలో అది నా కెమెరా కన్నా తక్కువ వెలుగును పడుతుంది. దూరం కొసన మాత్రం దానిదే పైచేయి. నా కెమెరా 100కు జూమ్ చేయగానే ఎఫ్ 4.9కి పడిపోతుంది, అది 200 దగ్గర కూడా ఎఫ్ 4.5 నిలబెట్టుకుంటుంది. వీధిలో నిలబడి గోవిందరాజస్వామి గుడి రాజగోపురం మీది బొమ్మలను ఒక్కొక్కటిగా తీయాలన్నా, చంద్రగిరి కోట వెనుక బండల మీద కూర్చున్న గద్దను తీయాలన్నా అదే మేలు. నా అలవాటు మాత్రం మనుషులకు దగ్గరగా వెళ్లి తీయడం. సాయంత్రం దాటితే నేను జూమ్‌ను ముట్టుకోను. 28 నుంచి 100కు వెళ్లడమంటే ఏడింతల వెలుగును వదులుకోవడం. 28 దగ్గర 125వ వంతు సెకనులో వచ్చే ఫొటోకు 100 దగ్గర దాదాపు 17వ వంతు పడుతుంది. ఆ వేగంలో నిలబడిన మనిషి సైతం చెదిరిపోతాడు.

ఫోకస్ తప్పిన ఫొటోలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. మొదటి ఆర్‌ఎక్స్100 ఫోకస్ పట్టే విధానం కాంట్రాస్ట్ మీద ఆధారపడింది, లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి అంచులు ఎక్కడ పదునుగా ఉన్నాయో వెతుక్కుంటుంది. చీకటిలో, కదిలే జనంలో ఈ వెతుకులాటకు సమయం పడుతుంది. ఏడో కెమెరాలో ఇలా వెతకకుండానే దూరాన్ని పట్టే 357 ఫేజ్ బిందువులున్నాయి, కళ్లను పట్టుకుని వెంబడిస్తుంది. ఇక్కడ కొత్తదానికి ఉన్న ఆధిక్యం నిర్వివాదం. జీఆర్ 3లో ఉన్న ఉపాయం వేరు. దూరాన్ని ముందే నిర్ణయించి పెట్టుకుంటే, బటన్‌ను ఒక్క వేటున నొక్కగానే వెతకకుండా ఆ దూరానికే ఫొటో తీస్తుంది. వీధి ఫొటోలు తీసేవారు ఆ కెమెరాను ఇష్టపడటానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ రెండో ఉపాయం నా కెమెరాతోనూ సాధ్యమే. నా లెన్సు అసలు నాభ్యంతరం (ఫిల్మ్ లెక్కకు మార్చని ఫోకల్ లెంగ్త్) 28 దగ్గర 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న స్తంభం మీదో గోడ మీదో లెన్సు చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పి పదును చూసుకుని వదిలేస్తే, ఎఫ్ 4 దగ్గర మీటరుంపావు నుంచి అనంత దూరం వరకు అంతా చూడదగిన పదునులో ఉంటుంది. రాత్రి ఎఫ్ 1.8కి తెరిచినా, ఇంచుమించు 1.7 మీటర్ల నుంచి 4.6 మీటర్ల వరకు పదును నిలుస్తుంది. వేషం వేసినవారికీ నాకూ మధ్య జాతరలో సాధారణంగా ఉండే దూరం అదే. జూమ్ కదిలించినా కెమెరా ఆపినా మళ్లీ సరిచూసుకోవాలి, అంతవరకే ఇబ్బంది. అదే అపెర్చర్ దగ్గర పెద్ద సెన్సర్‌లో ఇంత లోతు పదును రాదు. జీఆర్ 3లో ఇదే లోతు కావాలంటే అపెర్చర్‌ను ఇంకా మూసుకోవాలి, మూసుకుంటే ఇందాక మిగిలిన ఆ 1.3 రెట్ల లాభం కూడా పోతుంది. జనం మధ్యలో ముందు మనిషి, వెనుక మనిషి ఇద్దరూ స్పష్టంగా కనిపించాలని కోరుకునే నాలాంటివారికి చిన్న సెన్సర్ లోపం కాదు, అనుకూలమే.

కపిలతీర్థం జలపాతం సంగతి కొద్దిగా చెప్పి వదిలేస్తాను. కార్తీకంలో వానలు పడి కొండ మీది నుంచి నీళ్లు దూకేటప్పుడు ఆ ధార నురగలా రావాలంటే షటర్ నెమ్మదిగా ఉండాలి. జీఆర్ 3లో వెలుగును రెండు స్టాప్‌లు తగ్గించే ఎన్డీ ఫిల్టర్ లోపలే ఉంది, నా దానిలో లేదు. మబ్బు పట్టిన వేళ అపెర్చర్‌ను ఎఫ్ 11కు మూసి నేను నెట్టుకొస్తున్నాను. దీని కోసం కెమెరా మార్చనక్కర్లేదు.

ఫోను ఉండగా ఈ చర్చంతా ఎందుకని మా కళాశాలలో సహోద్యోగులు అడుగుతుంటారు. ఫోను అనేక చట్రాలను కలిపి ఒక ఫొటో చేస్తుంది, కదలని వస్తువుకు ఆ పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది, ఇంట్లో నేనూ దాన్నే వాడతాను. కానీ వేషగాడు గిర్రున తిరిగే క్షణం ఒక్కటే చట్రంలో పడాలి, షటర్ వేగం నా చేతిలో ఉండాలి, తీసినదాన్ని రా ఫైలులో తర్వాత దిద్దుకునే వీలుండాలి. ఆ మూడూ ఈ చిన్న కెమెరా నాకు ఏ తికమకా లేకుండా ఇస్తోంది.

ఇన్ని తీసివేతల తర్వాత ఒక్క కొరత మాత్రం ఏ ఉపాయానికీ లొంగకుండా మిగిలింది, వ్యూఫైండర్. బైరాగి వేషం రోజు పొద్దున పదింటికే ఎండ మాడు పగలగొడుతుంది. ఆ వెలుగులో వెనుక తెర మీద నాకు నా ముఖమే కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ సర్దుకోవాలన్నా, చట్రం అంచున ఎవరి చేయి తెగిపోయిందో చూసుకోవాలన్నా కంటికి ఆనించుకునే కిటికీ ఉండాలి. జీఆర్ 3లోనూ అది లేదు, కాబట్టి ఎంత మంచిదైనా అది నా జాబితాలోంచి తప్పుకుంది. సోనీ వరసలో 2014లో వచ్చిన మూడో కెమెరా నుంచి పైకి లేచే వ్యూఫైండర్ ఉంది. మూడోదానికి 24 నుంచి 70 వరకే జూమ్, అపెర్చర్ ఎఫ్ 1.8 నుంచి 2.8, లోపల ఎన్డీ ఫిల్టర్ కూడా ఉంది. 70 దాటి నేను తీసేది తక్కువే గనుక ఆ కోత నన్ను బాధించదు. బ్యాటరీ కూడా నా దగ్గరున్న ఎన్‌పీ-బీఎక్స్1 రకమే.

అందుచేత ఈ ఏడాది కొత్త కెమెరా కొనడం లేదు. ఒక కొత్త బ్యాటరీ, వేగమైన మెమరీ కార్డు తీసుకుంటున్నాను. ఎవరైనా బాగా చూసుకున్న మూడో ఆర్‌ఎక్స్100 అమ్మకానికి కనిపిస్తే, డబ్బు చేతిలో పెట్టే ముందు లెన్సు బయటికీ లోపలికీ సాఫీగా కదులుతోందా, వ్యూఫైండర్ పైకి లేచి నిలుస్తోందా, తెల్ల గోడ మీద ఎఫ్ 11లో తీస్తే సెన్సర్ మీది దుమ్ము మచ్చలుగా కనిపిస్తోందా అన్న మూడూ పగటి ఎండలోనే చూసుకుంటాను. దొరక్కపోతే వచ్చే బైరాగి వేషానికి కూడా ఉన్నదానితోనే, తెరకు చేయి అడ్డం పెట్టుకుని, రెండున్నర మీటర్ల ఫోకస్‌తో వెళ్తాను.