రూపోల్డింగ్‌లో బయాథ్లాన్ చూసొచ్చాం

చలికాలం వారాంతాల్లో జర్మనీలో టీవీ పెడితే బయాథ్లాన్ రాకుండా ఉండదు. వీపున రైఫిల్ తగిలించుకుని మంచు మీద స్కీలతో దూసుకెళ్లడం, మధ్యలో ఆగి గురిచూసి కాల్చడం. ఇదీ ఆట. 2024-25 ప్రపంచ కప్ సీజన్ ఫిన్లాండ్‌లోని కొంటియోలాహ్తిలో మొదలై మార్చిలో ఓస్లోలో ముగిసింది. దాదాపు వారానికో ఊరు. అందులో మ్యూనిక్‌కి దగ్గరగా, ఆస్ట్రియా సరిహద్దు పక్కనే ఉంది రూపోల్డింగ్. జనవరిలో రిలే ఉన్న రోజు చూసుకుని మా ఆవిడా నేనూ రైలెక్కాం.

ట్రౌన్‌స్టైన్‌లో దిగి చిన్న రైలు పట్టుకోవాలి. అక్కడ నిలబడటానికి కూడా చోటు లేదు. మొహాలకి రంగులు, భుజాల మీద జెండాలు, చేతుల్లో ఆవు మెడలో కట్టే గంటలు. జాతరకి వెళ్తున్న జనమే, మంచు బూట్లు ఒక్కటే తేడా. ఊళ్లో దిగాక కీమ్‌గావ్ అరీనాకి బస్సులున్నాయి. 1979 నుంచి 2012 వరకు ఇక్కడ నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. అందుకేనేమో, అంత జనాన్నీ చీకూ చింతా లేకుండా లోపలికి పంపేశారు.

స్కీయింగ్ సంగతి చెప్పాలంటే, గ్యాలరీలో కూర్చుంటే కనిపించేది తక్కువ. అడవిలోకి వెళ్లినవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారా అని పెద్ద తెర చూస్తూ కూర్చోవాలి. టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యేది షూటింగ్ రేంజ్ దగ్గరే.

టార్గెట్లు 50 మీటర్ల దూరంలో వరసకి ఐదు. బోర్లా పడుకుని కాల్చేటప్పుడు తగలాల్సిన చోటు 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115. దూరాన్ని దగ్గర చేసి చూపించే టెలిస్కోప్ ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూడటమే. ఎదురుగా చిన్న జెండాలు గాలి ఎటు వీస్తోందో చెబుతుంటాయి. తగిలితే నల్ల చుక్క తెల్లగా మారుతుంది.

మాకు సరిగ్గా ఎదురుగా ఒకమ్మాయి వచ్చి ఆగింది. చేతికర్రలు పక్కన పడేసి, మూడున్నర కిలోలకి తక్కువ ఉండకూడని ఆ రైఫిల్‌ని భుజం మీంచి లాగి, గొట్టం చివర మంచు పడకుండా ఉన్న మూతని వేలితో పైకి తీసింది. ఊపిరికి వీపు ఎగిసెగిసి పడుతోంది. మొదటి నాలుగూ తగిలాయి. ఒక్కోదానికీ స్టేడియం మొత్తం ‘హే’ అని ఒకే గొంతుతో అరిచింది. ఐదోది తప్పింది.

“ఇప్పుడేంటండీ?” అంది మా ఆవిడ.

రిలేలో ఇంకో మూడు తూటాలుంటాయి. కాకపోతే ఒక్కోటీ వేళ్లతో తీసి చేత్తో ఎక్కించుకోవాలి. ఆ చలిలో! మొదటిదీ పోయింది, రెండోదీ పోయింది. వేల మంది గప్‌చుప్. మూడోది తీసేటప్పుడు వేళ్లు వణకడం తెరమీద స్పష్టంగా కనిపించింది. దానికీ చుక్క తెల్లబడలేదు. ఇక శిక్షగా 150 మీటర్ల పెనాల్టీ లూప్ అనే అదనపు చుట్టు తిరిగి రావాల్సిందే. ఇరవై సెకన్ల పైమాటే. ముందున్న జట్టు ఆ లోపు కనుచూపు మేర దాటేసింది. నాకైతే గెలిచినవాళ్ల మొహాల కంటే ఆ లూప్‌లో తల వంచుకుని తిరిగేవాళ్లనే ఎక్కువసేపు చూడాలనిపించింది.

నార్వే దిగ్గజం యోహానెస్ బో, అన్న టార్యైతో పాటు ఆ సీజన్‌తో ఆట మానేస్తున్నట్టు కన్నీళ్లతో ప్రకటించింది కూడా ఆ జనవరిలో రూపోల్డింగ్‌లోనే. ఐదుసార్లు మొత్తం సీజన్ విజేత అతను. ఓడించాల్సిన మనిషి వెళ్లిపోతున్నాడని జర్మన్లే దిగులు పడ్డారు.

అప్పటినుంచి మా ఇంట్లో కూడా ఆదివారం మధ్యాహ్నాలు దీనికే రాసిచ్చేశాం. మార్చి 23న ఓస్లోలో చివరి రేసు. జర్మనీలోని బవేరియా అమ్మాయి ఫ్రాన్సిస్కా ప్రోయిస్‌కీ ఫ్రాన్స్‌కి చెందిన లూ జాన్‌మొన్నోకీ మధ్య పాయింట్ల తేడా అతి తక్కువ. ముగింపు గీతకి కొద్ది దూరంలో జాన్‌మొన్నో పడిపోయింది. మొత్తం సీజన్ విజేతకిచ్చే గ్లోబ్ ట్రోఫీ ప్రోయిస్‌కి దక్కింది. ప్రోయిస్ గెలవాలనే మేమిద్దరం కోరుకున్నాం కానీ, అలా కాదు. “పాపం, పడకుండా ఉంటే ఎవరు గెలిచేవాళ్లో” అని మా ఆవిడ ఆ రాత్రి అన్నం తింటూ కూడా అంటూనే ఉంది.