బుల్లెట్ క్లబ్ కాలపటం: 2018 దగ్గర మూడోసారీ చెడింది

జపాన్ ప్రొ రెజ్లింగ్ సంస్థ న్యూ జపాన్‌లోని బుల్లెట్ క్లబ్ అనే ముఠా చరిత్రను ఏ1 కాగితం మీద కాలపటంగా గీస్తున్నాను, మూడో షీటూ పోయింది. మొత్తం పొడవు 715.6 మి.మీ. అందులో 665 మి.మీ. ముచ్చటగా వచ్చింది. మిగిలిన 50.6 మి.మీ., అంటే 2018 జనవరి 28 నుంచి అక్టోబర్ 8 వరకు ఉన్న ఐదు సెంటీమీటర్ల ముక్క, ఇప్పటికి మూడు ఏ1 షీట్లను మింగేసింది. పదేళ్ల చరిత్రలో ఎనిమిది నెలలు ఇంత ఏడిపిస్తాయని గీయడం మొదలుపెట్టినప్పుడు అనిపించదు.

ముందు కొలతలు. పటం మొదలు 2013 మే 3, ఫుకువోకా. ప్రిన్స్ డెవిట్ (మనవాళ్లకు ఫిన్ బాలర్‌గా తెలిసినవాడు), బ్యాడ్ లక్ ఫాలే, కార్ల్ ఆండర్సన్, టామా టోంగా నలుగురూ కలిసి న్యూ జపాన్ స్టార్ తనహాషి మీద పడిన రోజు. చివర 2023 ఫిబ్రవరి 18, జే వైట్ న్యూ జపాన్ వదిలి వెళ్లాల్సొచ్చిన రోజు. మధ్యలో 3,578 రోజులు. రోజుకు 0.2 మి.మీ. చొప్పున వేస్తే 715.6. ఏ1 వెడల్పు 841 కాబట్టి ఎడమవైపు పేర్లకు 95, కుడివైపు అంచుకు 30 మిగులుతుంది.

నెలకు 6 మి.మీ. అనే లెక్క మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. చూడటానికి అదీ ఇదీ ఒకటే అనిపిస్తుంది. కానీ ఏడాదికి 72 వస్తుంది, రోజుల లెక్కలో 73 వస్తుంది. నెలల గడి మీద రోజుల కొలత పెడుతూ పోతే 2023కి చేరేసరికి సెంటీమీటరుకు పైగా తేడా. పైన ఉన్న నాయకుల పట్టీ ఒక చోట, కింద సభ్యుల గీతలు ఒక చోట తేలుతాయి. ప్రతి తేదీకీ మొదటి రోజు నుంచి ఎన్ని రోజులో లెక్కపెట్టి, 0.2తో గుణించి, సున్నా నుంచే కొలవాలి. ముందు పెట్టిన గుర్తు నుంచి తర్వాతి గుర్తుకు కొలిస్తే చిన్న చిన్న తప్పులన్నీ పోగవుతాయి.

నాయకుల పట్టీలో ఒక్కొక్కరి కాలం పొడవు మి.మీ.లో డెవిట్ 67.6, ఏజే స్టైల్స్ 127.8, కెన్నీ ఒమేగా 150.8, చివర్లో జే వైట్ 318.8: నాలుగూ మొదటిసారే కుదిరాయి. డెవిట్ వెళ్లడం, స్టైల్స్ రావడం రెండూ 2014 ఏప్రిల్ 6నే కాబట్టి అక్కడ ఒకే నిలువు గీత.

2016 జనవరి దగ్గర కొంచెం తంటా. 4న టోక్యో డోమ్‌లో స్టైల్స్ నకమురా చేతిలో ఓడాడు, 5న కోరాకుయెన్ హాల్‌లో ఒమేగా, క్లబ్‌లోని అన్నదమ్ముల జోడీ యంగ్ బక్స్ కలిసి అతన్ని తరిమేశారు. రెండింటి మధ్య దూరం 0.2 మి.మీ. సకురా పిగ్మా మైక్రాన్ 005 గీత మందం కూడా సరిగ్గా అంతే. రెండు గీతలు పక్కపక్కన పెడితే ఒకే లావు గీతలా కనిపిస్తుంది. ఓటమిని పట్టీ పై అంచు నుంచి 4 మి.మీ. పొట్టి గీతగా, తరిమివేతను నిండు గీతగా పెడితే తేడా తెలుస్తుంది. 2020 జూలై 11, 12 తేదీలకూ (ఒసాకాలో ఈవిల్ ఒకరోజు నైతోను వెన్నుపోటు పొడిచి చేరడం, మర్నాడే అతని రెండు టైటిళ్లూ లాక్కోవడం) ఇదే ఉపాయం పనిచేసింది. ఇలాంటి పనికి 005ని మించిన పెన్ లేదు. కానీ రంగు పూర్తిగా ఆరకముందు తాకిస్తే మొన అరిగిపోతుంది.

ఇక ఆ ఐదు సెంటీమీటర్లు.

అసలు జరిగింది ఇది. 2018 జనవరి 28న సప్పొరోలో ఒమేగా తన అమెరికా టైటిల్‌ను జే వైట్‌కు పోగొట్టుకున్నాడు. తర్వాత క్లబ్ సభ్యుడే అయిన కోడీ ఒమేగా మీద తిరగబడ్డాడు, ఒమేగా పాత జోడీ కొటా ఇబుషి వచ్చి కాపాడాడు. అప్పటినుంచి క్లబ్‌లో ఇద్దరు నాయకులు, ఇద్దరూ అదే టీషర్టు. జూలై 7న శాన్ ఫ్రాన్సిస్కో కౌ ప్యాలెస్‌లో ఒమేగా కోడీని ఓడించాక టామా టోంగా, అతని సోదరుడు టాంగా లోవా, వాళ్లతో తండ్రి హకు వచ్చి ఇద్దరినీ, వాళ్లవైపు వాళ్లందరినీ చితక్కొట్టారు. అప్పటిదాకా కొట్టుకున్న ఒమేగా, కోడీ ఒకవైపయ్యారు, ‘ఓజీ’ల (అసలువాళ్ల) పేరుతో టోంగాలు మరోవైపు. అక్టోబర్ 8న ర్యోగోకులో జే వైట్, గెడో, జాడో ప్రత్యర్థి ముఠా కేయాస్ నుంచి ఓజీల వైపు దూకారు. జనవరి 28 నుంచి జూలై 7 వరకు 160 రోజులు, 32 మి.మీ. అక్కడినుంచి అక్టోబర్ 8కి 93 రోజులు, 18.6 మి.మీ.

మొదటి ప్రయత్నంలో నాయకుల పట్టీ ఎత్తు 18 మి.మీ. జనవరి 28 దగ్గర దాన్ని అడ్డంగా రెండుగా కోసి, పైన 9 మి.మీ. నీలం ఒమేగాకు, కింద 9 మి.మీ. ఎరుపు కోడీకి ఇచ్చాను. జూలై 7 వరకు బాగుంది. అక్కడ నలుపు, అంటే ఓజీలు, కిందనుంచి చొరబడాలి. మూడు రంగులకు 18 మి.మీ.నే పంచాలి కాబట్టి ఒక్కోదానికి 6. దాంతో నీలం, ఎరుపు ఒక్క రోజులో 9 నుంచి 6కి పడిపోయాయి. పటం చదివేవాడికి ఆ రోజు ఒమేగా, కోడీల పలుకుబడి మూడోవంతు తగ్గిందని అర్థమవుతుంది. జరిగింది పూర్తిగా వేరు, వాళ్లిద్దరూ ఒకటయ్యారు. పైగా ప్రధాన టైటిల్ (ఐడబ్ల్యూజీపీ హెవీవెయిట్) ఇంకా ఒమేగా దగ్గరే ఉంది. పట్టీ ఎత్తు దేన్ని చెబుతోందో ముందే తేల్చుకోకపోవడం ఇక్కడ తప్పు.

రెండో ప్రయత్నంలో జనవరి 28 నుంచే మూడు గాళ్లు, ఒక్కోటి 6 మి.మీ. ఎత్తులు స్థిరంగా ఉన్నాయి. కానీ మూడో గాడిలో మొదటి 32 మి.మీ.లో ఏం పెట్టాలి? టోంగాలు అప్పటికి విడి వర్గం కాదు. తెల్లగా వదిలేస్తే దూరం నుంచి చూసినప్పుడు పట్టీలో ఎలుక కొరికినట్టుంది. మిల్లీమీటరుకొకటి చొప్పున 45 డిగ్రీల ఏటవాలు గీతలు వేస్తే ఖాళీగా లేదు, ఎవరిదీ కాదు అన్న భావం వచ్చింది. ఆ గీతలు ఆరకముందే పక్క గాడికి ఎరుపు పూయడంతో టేపు కిందనుంచి రంగు పాకి ఆరు గీతలు గులాబీ రంగుకు తిరిగాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే చవక మాస్కింగ్ టేపు అంచు అంటుకోదు. దాని అంచు మీద ముందు పలచగా తెల్లరంగు ఒక పూత పూసి ఆరనిస్తే తర్వాతి రంగు కిందికి పాకదు. ఆ మెలకువ రెండో షీటు పోయాకే తెలిసింది.

మూడో ప్రయత్నం మీద ఆశ ఎక్కువ, ఎందుకంటే ఈసారి పద్ధతే మార్చాను. పట్టీని చీల్చకుండా ఒక నడిమి కాండం, దాని నుంచి కొమ్మలు. కాండం ఎప్పుడూ వ్యవస్థాపకుల వెంట నడవాలన్నది నియమం. 2018లో మొదటి నలుగురిలో మిగిలింది టామా టోంగా, ఫాలే. ఇద్దరూ ఓజీల వైపే. అంటే కాండం తిన్నగా ఓజీల మీదుగా జే వైట్‌కు వెళ్తుంది. ఒమేగా, కోడీ పైకి విడిపోయే రెండు కొమ్మలు, జూలై 7న ఒకటిగా కలుస్తాయి. ఆ 32 మి.మీ. కాండం బూడిదరంగు, నాయకుడు లేని కాలం. చూడగానే కథ అర్థమైంది. ఇదే సరైన పద్ధతని ఇప్పటికీ నమ్ముతున్నాను.

కానీ రెండు చోట్ల విరిగింది. మొదటిది నియమం. 2022 ఫిబ్రవరిలో ఇంపాక్ట్ రెజ్లింగ్ షోలో జే వైట్ టామా టోంగానే వెళ్లగొట్టాడు. వ్యవస్థాపకుల వెంట నడవాల్సిన కాండం అక్కడ టోంగా వెంట బయటికి పోవాలా, ఫాలే, అదే షోలో తిరిగొచ్చిన ఆండర్సన్‌ల కోసం లోపల ఉండాలా? ఆ ఇద్దరి మీద కాండం నిలబెట్టడం కొలతకు సరిపోవచ్చు, చరిత్రకు సరిపోదు. ఆ రోజున క్లబ్ అంటే జే వైటే. కాబట్టి నియమం మారాలి. న్యూ జపాన్ రింగ్‌లో బుల్లెట్ క్లబ్ పేరుతో ఎవరు నిలబడితే కాండం వాళ్ల వెంటే. ఆ లెక్కన 2018 జూలై నుంచి అక్టోబర్ వరకు కాండమే రెండుగా ఉంటుంది, ఎందుకంటే ఇరువైపులా అదే పేరుతో కొట్లాడారు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

రెండోది కాగితం. 200 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ మీద ఆ ఐదు సెంటీమీటర్లలో నీలం, ఎరుపు, బూడిద, నలుపు అన్నీ రెండేసి పూతలు పడ్డాయి. అక్కడ షీటు 2 మి.మీ. పైకి ఉబ్బింది. ఉబ్బిన చోట స్కేలు ఆనదు. దాని తర్వాత పెట్టిన గుర్తులు 0.6 మి.మీ. పక్కకు జరిగాయి, అంటే మూడు రోజుల తప్పు. 2019 ఫిబ్రవరి 11 (ఒసాకా, వైట్ ప్రధాన టైటిల్ గెలిచిన రోజు) కాస్తా 14కి పోయింది. పోస్టర్ కలర్‌లో నీళ్లు ఎక్కువ కావడం ఒక కారణం, తడి ఒకేచోట పోగవడం రెండోది. షీటును ముందే తడిపి, నాలుగు అంచులా బోర్డుకు గమ్ టేపుతో బిగించి, ఆరబెట్టి ఉంటే ఇంత లేచేది కాదేమో. నాకు మాత్రం అసలు ఇలాంటి పటానికి నీళ్ల రంగే వద్దనిపిస్తోంది. ఫేబర్ కాస్టెల్ పాలీక్రోమోస్ పెన్సిళ్లు ఖరీదే కానీ గట్టిగా నొక్కితే నిండుగా పడతాయి, కాగితం కదలదు.

సభ్యుల గీతల సంగతీ చెప్పాలి, అసలు చిక్కు అక్కడే పుట్టింది. బుల్లెట్ క్లబ్‌లో చేరిక తేదీ ఎప్పుడూ స్పష్టం, ఎవరో ఒకరి వీపు మీద దెబ్బ పడుతుంది. వెళ్లడం కూడా తరిమివేత అయితే అంతే స్పష్టం. కానీ ఒమేగా వైపున్న యంగ్ బక్స్, హ్యాంగ్‌మన్ పేజ్, మార్టీ స్కర్ల్ వంటివాళ్ల గీత ఎక్కడ ఆగాలి? జూలై 7న దెబ్బలు తిన్నారు కానీ క్లబ్ వదల్లేదు. అక్టోబర్‌లో ఇక మాకు సంబంధం లేదని ప్రకటించారు. 2019 జనవరి 1న ఏఈడబ్ల్యూ అనే కొత్త రెజ్లింగ్ సంస్థ ప్రకటన వచ్చింది, జనవరి 4న ఒమేగా తనహాషికి టైటిల్ వదిలాడు. జూలై 7న ఆపడానికీ జనవరి 4న ఆపడానికీ తేడా 36.2 మి.మీ. నా ఓటు అక్టోబర్‌కు. దెబ్బలు తిన్నంత మాత్రాన సభ్యత్వం పోదు, వాళ్ల నోటితో వాళ్లు చెప్పిందే లెక్క. జూలై నుంచి అక్టోబర్ వరకు గీతను సగం మందానికి, 6 నుంచి 3 మి.మీ.కు తగ్గిస్తే సరిపోతుంది.

చేస్ ఓవెన్స్, యుజిరో తకహాషి మాత్రం ఈ ఏర్పాటుకూ లొంగరు. ఆ ఏడాది జీ1 (న్యూ జపాన్ వేసవి టోర్నీ) టూర్‌లో ఇద్దరూ ఒమేగా పక్కన నిలబడి కొట్లాడారు, తర్వాత జే వైట్ గూటికి చేరారు. యుజిరో 2014 మే 3 నుంచి ఉన్నవాడు, క్లబ్‌లోకి వచ్చిన మొదటి జపనీయుడు. అతని గీత మధ్యలో తెంపకూడదు. నిండు మందంతోనే కొనసాగించి, 2018లో అంచు రంగు మాత్రం మార్చడం మేలు. ఓవెన్స్‌కూ అదే.

నాలుగో షీటుకు నిర్ణయం ఇది. కాండం రెండుగా చీలనీ. ఎత్తు 12 మి.మీ., చీలిన చోట రెండు 6లు, మధ్యలో 2 మి.మీ. ఖాళీ. జనవరి 28 నుంచి జూలై 7 దాకా చీలిక ఒమేగా, కోడీల మధ్య. జూలై 7 గీత దగ్గర రెండు రంగులూ పై పాయలోకి చేరతాయి, కింది పాయ నల్లబడుతుంది. పై పాయలో నీలం, ఎరుపు చెరి 3 మి.మీ. పాయ ఎత్తు మారదు కాబట్టి పలుకుబడి తగ్గినట్టు కనిపించదు. పై పాయ అక్టోబర్‌లో ఆగిపోతుంది. కింది పాయ అక్టోబర్ 8న మళ్లీ 12కి విచ్చుకుంటుంది, జే వైట్‌తో. ముందు ఆ ఐదు సెంటీమీటర్ల ముక్కనే పది రెట్లు పెంచి, అర మీటరు రఫ్ కాగితం మీద వేసి చూడాలి. మొదటి షీటుకు ముందే చేయాల్సిన పని.

క్లబ్ లోపల పుట్టిన ఉపవర్గం హౌస్ ఆఫ్ టార్చర్‌కు (2021 సెప్టెంబర్: ఈవిల్, షో, యుజిరో, డిక్ టోగో) కాండం కింద విడిగా 3 మి.మీ. పట్టీ చాలు. కేయాస్ నుంచి వచ్చినవాళ్లకు షీటు కింది అంచు నుంచి సన్నని గీతలు పైకి లేవాలి: 2014లో యుజిరో, 2018లో వైట్, గెడో, జాడో. ఆ కేయాస్ కూడా 2009 ఏప్రిల్‌లో జీబీహెచ్ ముఠాను ఖాళీ చేసి పుట్టిందే, మకాబె, హొన్మా మాత్రమే వెనక మిగిలారు. దాన్ని కింది అంచులో ఒక్క గీతతో చూపిస్తే చాలు.

వైట్ తర్వాత నాయకుడైన డేవిడ్ ఫిన్లే కాలం, అతని వార్ డాగ్స్ వర్గం రెండో షీటుకు. అదీ అయ్యాక డంప్ మత్సుమొతో నడిపిన మహిళా రెజ్లింగ్ ముఠా గొకుఅకు దోమెయ్. అక్కడ ఈ చీలికల గోల ఉండదు. ఒకే నాయకురాలు, ఒకే రంగు, 1985 ఆగస్టు 28న ఒసాకాజో హాల్‌లో చిగుసా నాగయో జుట్టు తీసేసిన రాత్రికి ఒక నిలువు గీత. దానికి ఏ3 సరిపోవచ్చు, రోజుకు 0.2 బదులు 0.1 పెట్టుకుంటే.